తొమ్మిదో ముద్దాయి ఒప్పుకోలేదు

పేకాట కేసు పెద్ద కేసేమీ కాదు. హత్య కేసుకి జనం వస్తారు, దొమ్మీ కేసుకి బంధువులు వస్తారు, పేకాట కేసుకి ముద్దాయిలు కూడా విసుక్కుంటూ వస్తారు. అయినా నా సర్వీసు మొత్తంలో ఒక్క కేసు గురించి రాయమంటే నేను రాసేది పేకాట కేసు గురించే. కొత్తగా నల్లకోటు తొడుక్కున్న పిల్లలూ, కోర్టుల్లో కొత్తగా చేరిన అటెండర్లూ చదువుతారని రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా నష్టం లేదు. కోర్టు మెట్లు ఎక్కనని ఎవరూ రాసివ్వలేరు.

నేను కోర్టు అటెండర్ని. జనం బంట్రోతు అంటారు, అదీ తప్పు కాదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ, మూడు చోట్లా పనిచేశాను. ఈ కేసు ఆ మూడింట్లో ఎక్కడ నడిచిందో చెప్పను. ఎవరి పేరూ చెప్పను. పేర్లు పిలవడమే నా ఉద్యోగం, ఇన్నేళ్ళు పిలిచింది చాలు.

ఉద్యోగానికి ముందు గిలకలదిండి చేపల రేవులో ఐసు దిమ్మలు మోసేవాణ్ణి. కోర్టులో మొదట కుండల్లో నీళ్ళు పోసే పనికి పెట్టుకున్నారు, తర్వాత ఎప్పటికో పర్మనెంటు చేశారు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. పొద్దున్నే బెంచి గుమాస్తా గారు ఆ రోజు కేసులు చదివితే విని, గుర్తుపెట్టుకుని, వరండాలోకి వెళ్ళి కేకేసేవాణ్ణి. నలభై దాటాక కాపీల సెక్షన్లో పనిచేసే ఒక ముసలాయన మధ్యాహ్నం పూట నన్ను కూర్చోబెట్టి నేర్పాడు. ఆయనకి ఓపిక లేదు, నాకు సిగ్గు లేదు, అందుకని చదువు వచ్చింది. చదవడం వచ్చాక నాకు తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే పేకాట కేసులన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందరూ గుండ్రంగా కూర్చుని, చేతుల్లో ముక్కలు పట్టుకుని, పందెం కాస్తూ దొరుకుతారు. ఊరు మారుతుంది, పేర్లు మారతాయి, ఆ వాక్యం మారదు.

వారంలో ఒక రోజు చిన్న కేసులు కట్టగా వచ్చేవి. తాగి బండి నడిపినవాళ్ళు, కోడిపందేలవాళ్ళు, పేకాటవాళ్ళు. ముద్దాయిలు వరసగా నిలబడతారు. మేజిస్ట్రేటు గారు నేరం చదివి వినిపించి ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. ఒప్పుకుంటున్నామండీ అని అందరూ ఎక్కం అప్పజెప్పినట్టు అంటారు. ఫైను వేస్తారు. పేకాట కేసుల్లో ఆ ఫైను ముద్దాయిలు కట్టరు, శిబిరం నడిపినవాడు కడతాడు. అది మా వైపు మర్యాద. ఆడించినవాడు ఆడినవాళ్ళని విడిపించుకోవాలి, లేకపోతే రేపు అతని శిబిరానికి ఎవడూ రాడు. కోర్టు అయ్యాక హోటల్లో భోజనాలు కూడా అతనివే.

ఇందులో అందరికీ సుఖం ఉంది. పోలీసులకి కేసు గెలిచినట్టు, కోర్టుకి కేసు తెగినట్టు, వకీలుకి పూటలో పని అయిపోయినట్టు, ముద్దాయికి బస్సు అందినట్టు. ఒప్పుకున్నావంటే శిక్ష పడ్డట్టే లెక్క అనీ, ఫైను ఎంత చిన్నదైనా అది శిక్షేననీ, ఆ మచ్చ పోదనీ ఎవరూ ఎవరికీ చెప్పరు. అడిగితే చెబుతారు. ఎవరూ అడగరు.

ఆ రోజు కూడా అలాగే తొమ్మిది మంది వరసగా నిలబడ్డారు. ఎనిమిది మంది మగవాళ్ళు, చివర ఒక ఆడమనిషి. యాభై దగ్గర వయసు, నేత చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. పేకాట కేసులో ఆడమనిషిని చూడడం నాకు అదే మొదటిసారి. వాళ్ళలో ఎవరి ఆవిడో తోడుగా వచ్చి తెలియక వరసలో నిలబడిందేమో అనుకుని పక్కకి రమ్మన్నాను. "నేనూ ముద్దాయినేనండి, తొమ్మిదో నెంబరు" అంది.

ఎనిమిది మందీ ఒప్పుకున్నారు. మేజిస్ట్రేటు గారు, కొత్తగా వచ్చిన అమ్మాయి, తల ఎత్తకుండానే తొమ్మిదో మనిషిని అడిగారు, ఒప్పుకుంటున్నావా అని.

"ఏమని ఒప్పుకోవాలండి?"

కోర్టులో అందరం తలెత్తాం.

"పేకాట ఆడావని."

"ఆడలేదండి."

"అక్కడ ఉన్నావా, లేవా?"

"ఉన్నానండి. వంట చేస్తన్నానండి."

బెంచి గుమాస్తా గారు నిట్టూర్చారు. కట్టగా వచ్చిన కేసులో ఒక్కరు ఒప్పుకోకపోతే ఆ మనిషి కేసు విడదీయాలి, వేరే నెంబరు వేయాలి, సాక్షుల్ని పిలవాలి. మేజిస్ట్రేటు గారు ముద్దాయిల తరఫు వకీలు వైపు చూసి, మీ మనిషితో మాట్లాడుకోండి, కాసేపాగి పిలుస్తాం అన్నారు. వకీలుగారు పెద్దాయన. క్రిమినల్ కేసులు నడపడంలో అప్పటికే జుట్టు నెరిసిన మనిషి. ఆమెని వరండాలోకి తీసుకొచ్చారు. నేను తలుపు దగ్గరే ఉంటాను కాబట్టి అన్నీ వింటాను. అటెండరు దగ్గర రహస్యాలు ఉండవు, అటెండరు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు.

జరిగింది ఇదీ. ఆమె వాళ్ళ ఊరి స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. వేసవి సెలవుల్లో ఆ పని ఉండదు కనుక చేపల చెరువుల దగ్గర పట్టుబడి, అంటే చేపలు పట్టి లారీలకెత్తే పని, జరిగే రోజుల్లో వల లాగే కూలీలకి వండడానికి వెళ్తుంది. ఆ రోజు కూడా అలాగే వెళ్ళింది. చెరువు లీజుకి తీసుకున్న ఆసామి గట్టు మీద కాపలా పాకలో కోతముక్క పేకాట ఆడిస్తున్నాడు. పట్టుబడి రోజున లారీలు వస్తాయి, కొనేవాళ్ళు వస్తారు, ఐసు వచ్చేదాకా ఎవరికీ పని ఉండదు, ముక్కలు బయటికి వస్తాయి. పోలీసులు వచ్చి పట్టుకున్నారు. ఆమె వంటపాక వేరే, పేకాట పాక వేరే. అయినా ఆమెని ముద్దాయిల్లో రాశారు.

ఎందుకు రాశారో నాకు చాలా రోజుల తర్వాత ఒక హెడ్ కానిస్టేబులు టీ తాగుతూ చెప్పాడు. రెయిడ్ కాగానే తొమ్మిది మంది దొరికారని ఫోన్లో పై అధికారికి చెప్పేశారట. ఆ తర్వాత ఒకడు లుంగీ ఎగ్గట్టి చెరువులో దూకి, చేపల మధ్యనే ఈదుకుంటూ అవతలి గట్టెక్కి పోయాడు. పైకి చెప్పిన సంఖ్య తగ్గించడం కంటే కిందున్న మనుషుల్ని పెంచడం తేలిక. వంట దగ్గర ఉన్న ఆమె తొమ్మిదో మనిషి అయింది.

వరండాలో వకీలుగారు ఆమెకి విడమరిచి చెప్పారు. ఆయన్ని నేను చాలా కేసుల్లో చూశాను, కసురుకుంటారు గానీ మోసం చెయ్యరు.

"చూడమ్మా. మన రాష్ట్రం జూద చట్టంలో ఒక మెలిక ఉంది. ముక్కలూ పందెం డబ్బూ దొరికిన చోట ఎవరున్నా ఆడుతున్నట్టే అనుకుంటుంది కోర్టు. ఆడలేదని నువ్వే చూపించుకోవాలి. సరే, వండుతున్నానని చూపించావనుకో. ఎవరికి వండావంటారు. పేకాటవాళ్ళకి అంటే శిబిరం నడపడానికి సాయం చేశావంటారు. అది వేరే సెక్షను. ఆడినవాడి కంటే ఆడించినవాడికి శిక్ష ఎక్కువ. జైలు కూడా పడొచ్చు."

"నేను ఆడించలేదు కదండీ."

"నాకు తెలుసు. సెక్షనుకి తెలియదు."

"అయితే అబద్ధం చెబితే తక్కువ, నిజం చెబితే ఎక్కువానండీ?"

"ఈ కేసులో అంతే."

"మరి స్కూల్లో?"

అప్పుడు తెలిసింది ఆమె భయం ఏమిటో. ఆమె వంట పని మీద ఊళ్ళో ఇంకొకరి కన్ను ఉంది. ఆవిడ వెనక పలుకుబడి ఉన్న మనుషులున్నారు. కేసు సంగతి తెలియగానే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, పేకముక్కలు పట్టుకున్న చేతులతో పిల్లలకి వండిస్తారా అని అడిగారట. హెడ్మాస్టరు మంచివాడు. కేసు ఉందంటే వాళ్ళని ఆపగలను, శిక్ష పడిందంటే మాత్రం నేను ఆపలేనమ్మా అని ఆమెకి ఉన్నమాట చెప్పాడు. భర్త లేడు, ఇల్లు ఆ వంట మీదే నడుస్తుంది. శిక్ష అంటే ఫైనైనా శిక్షే, జైలైనా శిక్షే.

వకీలుగారు ఒప్పుకున్నారు. "స్కూల్లో అయితే రెండూ ఒకటే."

"అయితే నిజమే చెబుతానండి" అంది.

ఈలోగా మిగతా ఎనిమిది మందికీ విసుగు పుట్టింది. ఫైను కట్టేశారు, హోటలుకి వెళ్ళాలి, ఆమె కోసం వకీలుగారు ఆగితే ఆసామి ఆగాడు, ఆసామి ఆగితే భోజనం ఆగింది. పిన్నిగారూ, మీ మూలాన బిరియానీ చల్లారిపోతోంది అని ఒకడు, ముక్క పట్టుకోవడం రాదంటే మేం నేర్పిస్తాం, ఒప్పేసుకోండి అని ఇంకొకడు. ఆసామి మాత్రం దగ్గరికి వచ్చి మర్యాదగానే అడిగాడు.

"నీ ఫైను కూడా నేనే కడతన్నా కదా అత్తా. నీకేం పోయింది?"

"డబ్బు నీదే అల్లుడూ. పేరు నాది కదా."

వాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఆమె బుట్టలోంచి డబ్బా తీసుకుని వరండా చివర కూర్చుని పెరుగన్నం తింది. మళ్ళీ పిలిచినప్పుడు లోపలికి వచ్చి, నేను ఆడలేదండి అని ఇందాకటి మాటే చెప్పింది. వాయిదా పడింది.

కుర్రవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఛార్జి అంటే ఏం జరిగిందన్నది కాదు. ఏం జరిగిందని రాశారన్నది. ఆ రాసినదానికే జవాబు చెప్పాలి, లోకంలో జరిగినదానంతటికీ కాదు. చాలామంది ముద్దాయిలకి ఈ తేడా తెలియదు. అక్కడున్నావా అంటే ఉన్నాను కాబట్టి ఒప్పుకుంటారు. దెబ్బ కొట్టావా అంటే కొట్టాను కాబట్టి ఒప్పుకుంటారు, ముందు ఎవరు కత్తి ఎత్తారో చెప్పకుండానే. దివిసీమ నుంచి ఒకతను ఇలాగే తనని నరకడానికి వచ్చినవాణ్ణి తెడ్డుతో కొట్టి, కోర్టులో అడిగితే కొట్టానండి అని ఊరుకున్నాడు. వాళ్ళ పాలెంలో పెద్దలు అడిగితే అలాగే చెప్పాలి. ఒప్పుకున్నవాడికి అక్కడ సగం తప్పు కాస్తారు. కోర్టులో అలాంటి లెక్క లేదు. ఆ రోజు వకీలు ఆలస్యంగా వచ్చినా వచ్చాడు కాబట్టి సరిపోయింది. కొట్టడం నిజమే గాని ప్రాణం కాచుకోవడానికి కొట్టాడని చెప్పుకోవడానికి చట్టంలోనే చోటుంది. అది అడగాలి. అడక్కపోతే ఎవరూ పిలిచి పెట్టరు.

వంటావిడ కేసుకి వాయిదాలు పడుతూ వచ్చాయి. ఒకసారి సాక్షి రాలేదు, ఒకసారి ఎస్సై గారు బందోబస్తుకి వెళ్ళారు, ఒకసారి వకీళ్ళు కోర్టుకి రాకుండా సమ్మె చేశారు. ఆమె మాత్రం ప్రతి వాయిదాకీ వచ్చింది. తెల్లారగట్ల లేచి స్కూలు వంటకి కూరగాయలు తరిగిపెట్టి, తోటి ఆయాకి అప్పజెప్పి వచ్చేది. నన్ను అన్నయ్యగారూ అనేది. బెంచీ మీద కూర్చుని, ఎవరిని పిలిచినా అది ఏం కేసో అడిగేది. చెబితే వినేది గానీ పాపం అనేది కాదు. ఆ మొగుణ్ణి చూస్తే కొట్టేవాడిలాగే ఉన్నాడనో, ఆ దొంగ మొహం కడుక్కుని రావాల్సిందనో అనేది.

అలాంటి ఒక వాయిదా రోజునే ఆ ఎనిమిది మందిలో ఒకతను కోర్టుకి వచ్చాడు. బిరియానీ చల్లారిపోతోందన్న అతనే. ఏదో ఉద్యోగానికి పోలీసు విచారణలో అతని పేరు మీద శిక్ష కనపడిందట. వకీలుగారి దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడి, అప్పుడు ఒప్పుకున్నది వెనక్కి తీసుకోవచ్చా అండీ అని అడిగాడు. ఏదో దారి వెతకాలి గానీ తేలిక కాదు అన్నారాయన. ఇంత ఉందని అప్పుడే చెప్పొచ్చు కదండీ అన్నాడతను. అప్పుడు నీకు ఆకలేస్తోంది అన్నారు వకీలుగారు. వంటావిడ అంతా వింది. అతను వెళ్తుంటే మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

చివరికి సాక్షి వచ్చాడు. రెయిడ్‌కి పోలీసులు మధ్యవర్తిగా, అంటే చూసి రిపోర్టు మీద సంతకం పెట్టడానికి, తీసుకెళ్ళిన గ్రామ రెవెన్యూ ఉద్యోగి. రిటైరుమెంటు దగ్గరపడ్డ మనిషి, బొద్దుగా, నెమ్మదిగా ఉంటాడు. ఇలాంటి సాక్ష్యాలు చాలా చెప్పినవాడు. బోనెక్కి ఎక్కం అందుకున్నాడు. మేము వెళ్ళేసరికి తొమ్మిది మంది గుండ్రంగా కూర్చుని, చేతుల్లో ముక్కలు పట్టుకుని, పందెం కాస్తున్నారండి. ఈ ముద్దాయి కూడా అందులో ఉందండి.

వకీలుగారు లేచారు. ఆయన ఎత్తు నాకు ముందే తెలుసు. ఈవిడ ఆడలేదు, మీరు పోలీసుల కోసం చెబుతున్నారు అని రెండు ముక్కలు అని కూర్చోవడం. వంట ఊసు ఎత్తకపోవడం. సాక్షి ఎవరు ఎక్కడ కూర్చున్నారో తడబడితే అనుమానం మీద కేసు పోతుంది, పోకపోతే ఫైను. వంట ఊసెత్తితే మాత్రం బరువైన సెక్షను తలుపు మనమే తీసినట్టు. తెలివైన ఎత్తే. ఆయన స్థానంలో ఎవరున్నా అదే వేసేవాళ్ళు.

రెండు ప్రశ్నలు అయ్యాయి. సాక్షి తడబడలేదు. మూడోది అడగబోతుంటే ఆమె చేతులు జోడించి, అమ్మా, మా వకీలుగారితో ఒక్క మాట చెప్పుకోవచ్చా అని మేజిస్ట్రేటు గారిని అడిగింది. ఆవిడ తలూపారు. వకీలుగారు విసురుగా ఆమె దగ్గరికి వచ్చారు. నేను పక్కనే ఉన్నాను.

"పులుసు సంగతి అడగండి."

"అడిగితే ఇరుక్కుంటావని చెప్పాను కదా."

"ఇరుక్కుంటే ఇరుక్కుంటాను. నా ఎదురుగా కూర్చుని తిన్నాడండీ ఆ మనిషి. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఇప్పుడు నేను ముక్కలు పట్టుకున్నానంటన్నాడు. నేను పట్టుకుంది గరిటె."

వకీలుగారు ఆమెని ఒక్క క్షణం చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

"ఆ రోజు మధ్యాహ్నం మీరు భోజనం ఎక్కడ చేశారండీ?"

సాక్షి ప్రభుత్వ వకీలు వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు, ఆమె వైపు మాత్రం చూడలేదు. నేను ఆ బోనులో అబద్ధాలు వేలకొద్దీ విన్నాను. చూసింది చూడలేదంటారు, రాసింది రాయలేదంటారు, కన్నకొడుకుని ఎవరో తెలియదంటారు. కానీ మా కృష్ణా జిల్లాలో, వడ్డించిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, తిన్న అన్నం తినలేదనడానికి నోరు రాదు. పెట్టిన చెయ్యి గుర్తుంటుంది. అది మంచితనమో భయమో నాకు తెలియదు.

"అక్కడేనండి" అన్నాడు.

"ఎవరు వండారు?"

"ఆవిడేనండి."

"ఏం వండింది?"

"బొచ్చె చేప పులుసండి." ఆగాడు. అడక్కుండానే ఇంకో మాట కలిపాడు. "బాగుందండి."

కోర్టు నవ్వింది. టైపిస్టు చేతులు ఆపి, బాగుంది అన్నది కూడా కొట్టమంటారా అని అడిగాడు. మేజిస్ట్రేటు గారు అక్కర్లేదన్నారు.

నవ్వు ఆగేలోపే ప్రభుత్వ వకీలు లేచాడు. చురుకైన కుర్రాడు. అతను చేసింది తప్పు కాదు, అతని పని అదే. ముద్దాయి శిబిరంలో వంట చేసిందని తేలింది కాబట్టి, ఆడకపోయినా శిబిరం నడపడానికి సాయపడినట్టేననీ, ఇలాంటి కేసుల్లో తేలిన నేరాన్ని బట్టి శిక్ష వేసే అధికారం కోర్టుకి ఉందనీ అన్నాడు. సెక్షను నెంబరు కూడా చెప్పాడు. మేజిస్ట్రేటు గారు పుస్తకం తెరిచారు.

వరండాలో మొదటి రోజు వకీలుగారు ఏ గోతి చూపించారో సరిగ్గా ఆ గోతిలోనే పడ్డాం. పడ్డాం అంటున్నాను, నాకు సంబంధం లేదు నిజానికి. మేజిస్ట్రేటు గారు వకీలుగారి వైపు చూసి ఇంకేమైనా అడుగుతారా అన్నారు. సాక్షి ఏం చెబుతాడో తెలియని ప్రశ్న అడగకూడదని ఆయనే జూనియర్లకి వందసార్లు చెప్పగా విన్నాను. ఆ రోజు ఆయనే అడిగారు. వేరే దారి లేదు.

"పేకాటవాళ్ళు ఎక్కడ తిన్నారు?"

"వాళ్ళు తినలేదండి."

"ఎందుకు తినలేదు?"

"వాళ్ళకి ఎవరు పెడతారండి? ఆ వంట వల లాగేవాళ్ళకి కదండీ. మేము వెళ్ళేసరికి గట్టు మీద వాళ్ళ భోజనాల బంతి నడుస్తోంది. ఈవిడ వడ్డిస్తోంది."

వడ్డిస్తోంది అన్నప్పుడు ప్రభుత్వ వకీలు తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. వడ్డించే మనిషి గుండ్రంగా కూర్చుని ముక్కలు పట్టుకోలేదు. సాక్షికి ఆ సంగతి తట్టినట్టు లేదు. పులుసు దగ్గర మొదలయ్యాక ఆయన ఎక్కం మరిచిపోయి, జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతున్నాడు.

"మరి మీరెలా తిన్నారు?"

"కాగితాలు రాసేసరికి మిట్టమధ్యాహ్నం దాటిందండి. ఎండ. వలవాళ్ళు తినగా మిగిలింది ఈవిడే పిలిచి మాకు పెట్టిందండి."

"మాకంటే ఎవరెవరికి?"

"నాకూ, ఎస్సై గారికీ, సిబ్బందికీనండి."

"అంటే ఆ రోజు ఈవిడ వంట తిన్నది వల లాగినవాళ్ళు, పోలీసులు, మీరు. పేకాట ఆడినవాళ్ళలో ఒక్కరైనా తిన్నారా?"

"లేదండి. పాపం వాళ్ళు స్టేషన్లో అరటిపళ్ళు తిన్నారండి."

వకీలుగారు కూర్చున్నారు. ప్రభుత్వ వకీలు మళ్ళీ లేచి, గుండ్రంగా కూర్చున్నారని రాసిన రిపోర్టు మీద మీ సంతకం ఉంది కదా అన్నాడు. ఉందండి, వాళ్ళు రాశారు, నేను పెట్టాను అన్నాడు సాక్షి. అన్నాక తను ఏమన్నాడో తెలిసింది. బోను దిగి వెళ్తూ ఆమె ముందు నుంచి కాకుండా వెనక నుంచి చుట్టుతిరిగి వెళ్ళాడు.

తర్వాతి వాయిదాకి ఎస్సై గారు వచ్చి, అక్కడ ఎవరమూ ఏమీ తినలేదని గట్టిగా చెప్పారు. వేసవిలో, చెరువు గట్టు మీద, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పులుసు వాసన వస్తుండగా ఏమీ తినలేదా అని వకీలుగారు అడిగారు. డ్యూటీలో తినం అన్నారాయన. మేజిస్ట్రేటు గారు ఆ మాట రాసుకుని కలం మూశారు.

తీర్పు రోజున నేను ఆమె పేరు పిలిచాను. వచ్చి నిలబడింది. నేరం రుజువు కాలేదు కాబట్టి నిన్ను వదిలేస్తున్నాం అని మేజిస్ట్రేటు గారు తెలుగులోనే చెప్పారు. ఆమె దణ్ణం పెట్టింది. వరండాలోకి వచ్చాక వకీలుగారు, ఎప్పుడూ కసిరే మనిషి, ఆ రోజు నవ్వుతూ, కాపీ తీసుకెళ్ళి మీ హెడ్మాస్టరు గారికి ఇవ్వమ్మా, ఇంక నీ జోలికి ఎవరూ రారు అన్నారు. ఆయన ఎన్నో కేసులు కొట్టేయించారు. అంత సంతోషపడడం నేను చూడలేదు.

కాపీ వచ్చేదాకా ఆమె నా పక్కన బెంచీ మీద కూర్చుంది. వచ్చాక నా చేతికిచ్చి, ఇందులో ఏముందో చెప్పండన్నయ్యగారూ అంది. ఇంగ్లీషు నాకు కూడా అంతంతమాత్రమే గానీ ఆ ఆఖరు వాక్యం నేను ఎన్నోసార్లు చూసిందే. నీ మీద పెట్టిన నేరం రుజువు కాలేదు, అందుకని కేసు కొట్టేశారు అని ఉందమ్మా అన్నాను.

"నేను పేకాట ఆడలేదని ఎక్కడ ఉంది?"

"అలా రాయరమ్మా. రుజువు కాలేదని రాస్తారు."

"రుజువు కాలేదంటే ఆడలేదనేనా?"

అవునని అంటే సరిపోయేది. చాలామందికి అలాగే అన్నాను, సంతోషంగా వెళ్ళిపోయారు. ఈమెతో అలా అనడానికి మనసొప్పలేదు. కోర్టు ఎప్పుడూ ఎవరినీ చెయ్యలేదు అనదమ్మా, చేశారని తేలలేదు అంటుంది, అంతవరకే దాని పని అని చెప్పాను.

ఆమె కాగితం మడిచింది. మళ్ళీ విప్పి, తను చదవలేని ఆ అక్షరాల మీద వేలు ఆనించి చూసింది.

"అక్కడ మేడమ్ గారికి తెలుసు, మా వకీలుగారికి తెలుసు, ఆ తిన్నాయనకి తెలుసు, మీకు తెలుసు. తెలిసినవాళ్ళంతా కలిసి రాసిన కాగితంలో మాత్రం లేదు."

"స్కూలుకి ఇది చాలమ్మా."

"స్కూలుకి చాలుద్ది" అంది. కాగితాన్ని బుట్టలో అన్నం డబ్బా కింద తడి తగలకుండా పెట్టుకుని లేచింది. "నాకు చాల్లేదండి."

నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోయింది.